పక్కింటావిడ చూపించిన అమెరికా

చిరంజీవులు చిన్నీకి, బన్నీకి, మన అరుగు మీద నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలందరికీ నానమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బన్నీ "నానమ్మా, అమెరికా వాళ్ళు ఎలా ఉంటారు?" అని అడిగాడు. సిగ్నల్ సరిగ్గా లేక "మంచివాళ్ళేరా" అని పెట్టేశాను. అది జవాబు కాదని రాత్రంతా అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

నాకు తెలిసిన అమెరికా చాలా చిన్నది. మీ అత్త ఉండే పిట్స్‌బర్గ్, అందులో ఈ ఒక్క వీధి. ఆ వీధినైనా నాకు అర్థమయ్యేలా చెప్పింది మా పక్కింటావిడ. ఆవిడ ఇక్కడ పుట్టలేదు. పోలండ్‌లో ఒక పల్లెటూరి పిల్ల. 1960ల్లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు ఎనభై దాటాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళని ఏదైనా అడిగితే "అందులో ఏముంది, మామూలేగా" అంటారు. అది వాళ్ళ తప్పు కాదు. వాకిట్లో ముగ్గు ఎందుకని ఎవరైనా అడిగితే మీరూ అదే అంటారు. ఈవిడ ఒక్కొక్కటీ తడబడి నేర్చుకుంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు.

జనవరిలో ఒకరోజు తెల్లారి లేచేసరికి వీధిలో కార్లన్నీ ముగ్గుపిండి కుప్పల్లా ఉన్నాయి. ఈ పాత వీధుల్లో చాలా ఇళ్ళకి షెడ్డు లేదు, కారు రోడ్డు వారనే పెట్టుకోవాలి. మీ మావయ్య గంటసేపు పారతో మంచు ఎత్తిపోసి, కారు బయటికి తీసి ఆఫీసుకి వెళ్ళాడు. అంతలో పక్కింటావిడ వంటింట్లోంచి ఒక కుర్చీ తెచ్చి ఆ ఖాళీలో వేసి వెళ్ళిపోయింది. ఎవరు కూర్చుంటారా అని నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎవరూ కూర్చోలేదు. చోటు కోసం వెతుక్కుంటూ వచ్చిన కార్లు ఆ కుర్చీని చూసి ముందుకు వెళ్ళిపోయాయి. సాయంత్రం మావయ్య వచ్చి, కుర్చీ తీసి, కారు పెట్టుకున్నాడు. కుర్చీ వేస్తే చోటు మనదైపోతుందని చట్టంలో ఎక్కడా లేదు. మంచు ఎత్తినవాడిదే చోటని ఊరంతా ఒప్పుకున్న కట్టుబాటు, అంతే. ఇంటి ముందు కాలిబాట మీద మంచుని మాత్రం ఇరవై నాలుగు గంటల్లో ఇంటివాళ్ళే తీయాలి. అది రూలు.

పక్కింటావిడ వాళ్ళు ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో వాళ్ళ నాన్న అలాంటి కుర్చీని ఎవరో పారేశారనుకుని ఇంటికి తెచ్చేశాడట. ఇంట్లో కూర్చోవడానికి ఒక్క పెట్టె తప్ప ఏమీ లేని రోజులు. సాయంత్రం కుర్చీ తాలూకు మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. భాష రాదు, పోలీసులొస్తారేమోనని అమ్మ ఏడుపు. ఆ మనిషి గదిని ఒకసారి చూసి, ఏమీ అనకుండా కుర్చీ తీసుకుని వెళ్ళిపోయాడట. మర్నాడు పొద్దున్న గుమ్మం ముందు రెండు పాత కుర్చీలు ఉన్నాయి. వాటిలో ఒకటే మావయ్య చోటు కాపాడిన కుర్చీ. చేతులు ఆన్చేచోట రంగంతా పోయి చెక్క నున్నగా మెరుస్తూ ఉంటుంది.

ఇక స్కూలు బస్సు సంగతి. పొద్దున్నే మీ అత్త కూతుర్ని బస్సెక్కించడానికి నేనే వెళ్తాను. పసుపు రంగు బస్సు ఆగగానే ఎర్ర దీపాలు వెలుగుతాయి, పక్కనుంచి ఆగమనే చిన్న ఎర్ర పలక బయటికి చాచుకుంటుంది. వెనక వచ్చేవాళ్ళే కాదు, మధ్యలో డివైడర్ లేని ఈ వీధిలాంటి రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా పది అడుగుల దూరంలో ఆగిపోవాలి. ఒక్క పిల్ల, వీపున సంచీ, రోడ్డు దాటుతుంది. అటూ ఇటూ పెద్ద పెద్ద లారీలు కదలకుండా నిలబడి ఉంటాయి. మొదటిరోజు ఆ దృశ్యం చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ పసుపు రంగు ఊరికే వచ్చింది కాదు. 1939లో ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసర్ న్యూయార్క్‌లో ఒక సమావేశం పెట్టి, బడి బస్సులు దేశమంతటా ఎలా ఉండాలో కొలతలతో సహా నిర్ణయించాడు. తెల్లవారీ తెల్లవారని వేళ కూడా ఆ రంగు మీద నల్ల అక్షరాలు బాగా కనిపిస్తాయని అది ఎంచుకున్నారు. మీ ఆటోలో డ్రైవరు పక్కన ఇద్దరు పిల్లలు వేలాడుతూ వెళ్ళడం తలుచుకుంటే నాకు ఇక్కడ కూడా టెన్షనే. నాన్నతో చెప్పండి, ముందు సీట్లో కూర్చోవద్దు.

నచ్చనిదీ ఉంది. ఫోన్ చేయకుండా ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు. పక్కింటావిడ కూడా మా గుమ్మంలోకి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆవిడకంటే నేనే చిన్నదాన్ని, అయినా తనని పేరు పెట్టే పిలవమంటుంది. నా నోరు రాదు. ఇంగ్లీషులో నువ్వు, మీరు రెండూ ఒకటే కదా అని నేను బాధపడితే, ఈ ఊరివాళ్ళకి 'యిన్జ్' అని ఒక మాట ఉందని చెప్పింది. నలుగురిని కలిపి 'మీరంతా' అనడానికి వాడతారు. ఉత్తర ఐర్లండ్ నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ళ యాస అట. పుస్తకంలో ఉండదు, కూరగాయల కొట్లో ఉంటుంది.

ఈ ఊరు ఒకప్పుడు ఉక్కు కార్ఖానాల ఊరు. ఆవిడ భర్త ముప్పై ఏళ్ళు కొలిమి దగ్గరే పనిచేశాడు. అలాంటి కార్ఖానాలతోనే కోటీశ్వరుడైన ఆండ్రూ కార్నెగీ కూడా బయటినుంచి వచ్చినవాడే. 1848లో స్కాట్లండ్ నుంచి కుటుంబంతో వచ్చి, నూలు మిల్లులో వారానికి ఒక డాలరు ఇరవై సెంట్లకి పనికి కుదిరిన పిల్లాడు. ఆండర్సన్ అనే ఒక పెద్దమనిషి శనివారాలు తన సొంత పుస్తకాలు పనిపిల్లలకి చదువుకోవడానికి ఇచ్చేవాడు. అది మర్చిపోలేక పెద్దయ్యాక ప్రపంచమంతా కలిపి 2,509 గ్రంథాలయాలు కట్టించాడు. 1895లో తెరిచిన ఇక్కడి పెద్ద గ్రంథాలయం గుమ్మం పైన 'ప్రజలకు ఉచితం' అని రాతిలో చెక్కి ఉంది. నాకూ కార్డు ఇచ్చారు, పైసా తీసుకోలేదు. మన వేటపాలెంలో కుర్రాళ్ళు కలిసి 1918లో మొదలుపెట్టిన గ్రంథాలయం గురించి నేను చెబితే ఆవిడ రెండుసార్లు అడిగి తెలుసుకుంది. కార్నెగీని నేను మెచ్చుకుంటే మాత్రం ఊరుకోలేదు. 1892లో పక్కనే హోమ్‌స్టెడ్‌లో అతని కార్ఖానాలోనే జీతాల తగాదా వచ్చి, కాల్పులు జరిగి, కార్మికులు చచ్చిపోయారు. "రోజుకి పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిది?" అంది. రెండూ నిజమే పిల్లలూ. రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీకు నోరూరే విషయం. మార్చిలో ఆవిడ మనవరాలి పెళ్ళి. ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో కేకుతో పాటు బిస్కెట్ల బల్ల ఒకటి ఉంటుంది. అమ్మమ్మలు, మేనత్తలు, పక్కింటివాళ్ళు ఎవరికి వచ్చింది వాళ్ళు ఇంట్లో చేసి తెస్తారు. కేకు కొనే స్తోమతు లేని వలస కుటుంబాలు మొదలుపెట్టిన ఆచారమని ఆవిడ చెప్పింది. పక్క రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ అనే ఊరివాళ్ళు అది మాదంటారట, ఈ ఊరివాళ్ళు మాదంటారట. ఇటలీవాళ్ళవి అచ్చులో నొక్కిన పలచటి పూలబిళ్ళలు, పోలండ్‌వాళ్ళవి జామ్ పెట్టి మడిచినవి. అన్నిటికంటే చిత్రం, బట్టలకి పెట్టే పాతకాలపు కొయ్య క్లిప్పులకి పిండి నాడాలా చుట్టి కాల్చేవి. వేడి తగ్గాక క్లిప్పు మెల్లగా లాగేస్తే బోలు గొట్టం మిగులుతుంది, అందులో క్రీము నింపుతారు. లాగడంలో తొందరపడి నేను ఆరు విరగ్గొట్టాను. ఆవిడ కోప్పడలేదు, విరిగినవి టీతో తినేశాం.

మన తరఫున ఏదైనా పెట్టమంది. అరిసెలు చేశాను. తడిపిండి, బెల్లం, నువ్వులు అన్నీ ఇండియన్ షాపులో దొరికాయి గానీ పాకం దగ్గర గుండె దడ. నీళ్ళలో వేసిన పాకం చుక్క వేళ్ళ మధ్య ఉండలా నిలబడేదాకా ఆవిడ పక్కనే ఉండి తొంగి చూసింది. వాళ్ళమ్మ కూడా పంచదార పాకాన్ని అలాగే చన్నీళ్ళలో వేసి చూసేదట. అరవై అరిసెలు పళ్ళెంలో పెట్టి, ముందు చిన్న అట్ట మీద తెలుగులోనే 'అరిసెలు' అని రాశాను, కింద ఆవిడ ఇంగ్లీషులో రాసింది. భోజనాలయ్యాక అందరికీ డబ్బాలిచ్చారు, కావలసినవి ఇంటికి పట్టుకెళ్ళడానికి. ఒక ముసలాయన నా దగ్గరికొచ్చి, నాలుగు తీసుకున్నాను, ఎక్కువైందా అని అడిగాడు. నేను ఇంకో రెండు వేశాను.

పెళ్ళయ్యాక ఆవిడని పెన్‌హిల్స్ కొండమీద వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళాను. 1976లో ప్రతిష్ఠ జరిగిన గుడి. కింద హాల్లో పులిహోర తిని, మిరపకాయ కొరికి, రెండు గ్లాసుల మజ్జిగ తాగింది.

వచ్చే నెల పదో తారీఖున బయల్దేరుతున్నాను. ఆవిడ ఇచ్చిన పన్నెండు కొయ్య క్లిప్పులు, వాళ్ళమ్మవి, చీరల మధ్య భద్రంగా పెట్టుకున్నాను. మనింట్లో ఓవెన్ లేదు కదా, చిన్నీ, బేకరీ అబ్బాయిని ఒక ఆదివారం పొద్దున మనకి ఓవెన్ ఇస్తాడేమో కనుక్కో. క్లిప్పులు పన్నెండే, కాబట్టి ఒకరి తర్వాత ఒకరు.

ప్రేమతో,
మీ నానమ్మ