డబ్ల్యూడబ్ల్యూడీసీ: కోడ్ తిరగరాయమన్న ప్రతిసారీ

యాపిల్ ఏటా జూన్‌లో జరిపే డెవలపర్ల సదస్సు డబ్ల్యూడబ్ల్యూడీసీ. తొలి ప్రసంగం మనకు రాత్రి పదిన్నరకు మొదలవుతుంది. మర్నాడు పత్రికల నిండా కొత్త హంగుల వార్తలే. మ్యాక్‌కు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మాత్రం ఒక్క సంగతి కోసమే చెవులు రిక్కించి వింటారు: చేతిలో ఉన్న కోడ్‌లో ఎంత పనికొస్తుంది, ఎంత తిరగరాయాలి?

ఈ గుబులు పాతదే. నెక్స్ట్ సంస్థను కొన్న యాపిల్, 1997 సదస్సులో రాప్సొడీ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ముందు పెట్టింది. పాత ప్రోగ్రాములు బ్లూ బాక్స్ అనే అరలో నడుస్తాయి కానీ, ఒక ప్రోగ్రాము మరోదాని మెమరీని చెడగొట్టకుండా ఆపే కొత్త మెమరీ రక్షణ వాటికి అందదు. అది కావాలంటే ఎల్లో బాక్స్ అనే కొత్త వేదిక కోసం అంతా మళ్లీ రాసుకోవాలి. అడోబీ, మైక్రోసాఫ్ట్ లాంటివి ససేమిరా అన్నాయి. 1998 మేలో యాపిల్ దిగివచ్చి కార్బన్‌ను ప్రకటించింది. ప్రోగ్రాములు సిస్టమ్‌తో పని చేయించుకునే పాత మ్యాక్ ఏపీఐలు సుమారు 8,000 ఉంటే, మ్యాక్ ఓఎస్ టెన్ అనే కొత్త సిస్టమ్‌లో ఇమడని 2,000 దాకా తీసేసి మిగతావి ఉంచింది. మ్యాక్ ఓఎస్ టెన్ బతికి బట్టకట్టిందంటే ఈ రాజీ వల్లే.

2005 జూన్ 6న మ్యాక్‌లలోని పవర్‌పీసీ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్‌ ప్రాసెసర్లకు మారుతున్నామన్నారు. 3.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఉన్న పరీక్షా యంత్రాన్ని 999 డాలర్లకు ఇచ్చారు, అదీ తిరిగి ఇచ్చేయాలన్న షరతుతో. కోడ్‌ను కొత్త ప్రాసెసర్‌కు తగ్గట్టు కంపైల్ చేయడం చాలామందికి పెద్ద కష్టం కాలేదు, డేటా ఫైళ్లు చదవడంలోనే చిక్కొచ్చింది. సంఖ్యను రాసేటప్పుడు పవర్‌పీసీ పెద్ద స్థానపు బైట్‌ను ముందు రాస్తే, ఇంటెల్ చిన్న స్థానపు బైట్‌ను ముందు రాస్తుంది. పాత ఫైల్‌లో 32 బిట్లలో రాసిన 1ని బైట్లు తిప్పకుండా చదివితే 1,67,77,216 అవుతుంది. కోడ్‌వారియర్ అనే వేరే సంస్థ సాధనంలో ఉన్న ప్రాజెక్టులనైతే ముందు యాపిల్ సాధనమైన ఎక్స్‌కోడ్‌లోకి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే మిగతా పని.

అన్నిటికన్నా గట్టి దెబ్బ 2007లో తగిలింది. కార్బన్‌కు ఎక్కువ మెమరీ వాడుకునే 64 బిట్ సౌకర్యం వస్తుందని 2006లో చెప్పి, ఏడాది తిరక్కుండానే లేదన్నారు. ఫలితంగా 2008 నాటి ఫోటోషాప్ సీఎస్4 విండోస్‌లో 64 బిట్‌కు వెళ్లింది. మ్యాక్ వాడేవాళ్లు 2010లో సీఎస్5 దాకా ఆగారు. 64 బిట్ ఇవ్వబోమని ముందే చెప్పి ఉంటే ఆ ఎదురుచూపు తగ్గేది.

టికెట్ల సంగతికొస్తే, 2013లో 1,599 డాలర్లవి రెండు నిమిషాల్లోపే అయిపోయాయి. మరుసటి ఏడు లాటరీ పెట్టారు. 2020లో సదస్సు ఉచితంగా ఆన్‌లైన్‌కు వచ్చింది. హైదరాబాద్ డెవలపర్‌కు దీనివల్ల కలిగిన అసలు మేలు వీడియోలు కాదు, యాపిల్ ఇంజినీర్లతో నేరుగా మాట్లాడే ల్యాబులు. అంతకుముందు సదస్సు ల్యాబుల్లో ఇంజినీర్‌కు తన కోడ్ చూపించాలంటే విమానం ఎక్కాల్సిందే.

ఆ ఏడే మ్యాక్‌ను సొంత చిప్‌లకు మార్చడం మొదలుపెట్టారు. బైట్ల వరస ఈసారి మారలేదు కానీ మెమరీ పేజీ, అంటే సిస్టమ్ మెమరీని పంచే ముక్క, 4 కేబీ నుంచి 16 కేబీ అయింది. పేజీ సైజు 4,096 బైట్లని కోడ్‌లోనే రాసిపెట్టుకున్న చోట్ల ప్రోగ్రాములు కూలాయి. సిస్టమ్‌నే అడిగి పేజీ సైజు తెలుసుకున్న కోడ్‌కు ఏమీ కాలేదు.

2025 సదస్సులో ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరి వెర్షన్ మ్యాక్‌ఓఎస్ 26 అని తేల్చారు. ఇంటెల్ ప్రోగ్రాములను కొత్త చిప్‌లపై నడిపే రోజెటా 2 పూర్తి రూపంలో 27 వరకే ఉంటుంది. ఆ తర్వాత కొన్ని పాత ఆటలకు కావలసినంత మేరకే మిగులుస్తారు.