చేప నూనె తగ్గించేది కొలెస్ట్రాల్‌ని కాదు: అపోహలు - వాస్తవాలు

రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువని కనబడగానే చాలామంది దాన్ని తగ్గించే స్టాటిన్ మందు చీటీ పక్కన పెట్టి, చేప నూనె డబ్బా కొనుక్కుంటారు. "సహజమైనది కదా డాక్టర్‌గారూ, సైడ్ ఎఫెక్టులుండవు" అంటారు. రోజూ లిపిడ్ ప్రొఫైల్స్, అంటే రక్తంలో కొవ్వుల రిపోర్టులు చూసే డాక్టర్‌గా నేను తరచూ వినే మాటల్లో కొన్ని ఇవి.

అపోహ: చేప నూనె కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది.

వాస్తవం: అది తగ్గించేది ట్రైగ్లిజరైడ్లను, అంటే రక్తంలో ఉండే మరో రకం కొవ్వును. రెండూ ఒకే కాగితంలో కింద, పైన ఉంటాయి కాబట్టి జనం కలగలిపేస్తారు. చేప నూనెలో పనిచేసేవి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు. కాలేయం ట్రైగ్లిజరైడ్లను వీఎల్‌డీఎల్ అనే, కొవ్వును మోసే కణాల్లోకి ఎక్కించి రక్తంలోకి పంపుతుంది. ఆ పంపడాన్ని ఈ ఒమేగా-3లు తగ్గిస్తాయి. రోజుకు 4 గ్రాముల మోతాదులో ట్రైగ్లిజరైడ్లు సుమారు 20-30 శాతం పడిపోతాయి. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) కాస్త పెరగొచ్చు. ఎల్‌డీఎల్ మాత్రం దాదాపు కదలదు. 2022లో వచ్చిన స్పోర్ట్ అధ్యయనంలో 5 మి.గ్రా. రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 28 రోజుల్లో ఎల్‌డీఎల్‌ని మూడో వంతుకు పైగా తగ్గించింది. చేప నూనెకీ ఉత్తుత్తి మాత్రకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

అపోహ: చేప నూనె వాడాక ఎల్‌డీఎల్ పెరిగింది, అంటే ఒంటికి పడలేదు.

వాస్తవం: ఇక్కడ కాస్త లెక్క చూడాలి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవవు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ని, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునీ తీసేస్తే మిగిలిందే ఎల్‌డీఎల్ అని వేస్తాయి. ఒకరికి మొత్తం 240, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 300 ఉన్నాయనుకుందాం. ఎల్‌డీఎల్ 140 వస్తుంది. చేప నూనె వాడాక మొత్తం 230కి, ట్రైగ్లిజరైడ్లు 200కి దిగాయి, హెచ్‌డీఎల్ అలాగే ఉంది. ఇప్పుడు ఎల్‌డీఎల్ 150! మొత్తం తగ్గినా ఇది పెరిగింది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రాన్ని అసలు నమ్మకూడదు. అలాగని పెరుగుదలంతా కాగితం మీదే అనుకోవద్దు. ట్రైగ్లిజరైడ్లు 500 పైన ఉన్నవాళ్లకి, డీహెచ్‌ఏ కలిసిన నూనెతో ఎల్‌డీఎల్ నిజంగానే పెరగొచ్చు. అందుకే నేను మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసిన అంకెను, అంటే నాన్-హెచ్‌డీఎల్‌ని చూస్తాను. పై ఉదాహరణలో అది 200 నుంచి 190కి తగ్గింది.

అపోహ: 1000 మి.గ్రా. క్యాప్సూల్ అంటే 1000 మి.గ్రా. ఒమేగా-3.

వాస్తవం: డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మామూలు క్యాప్సూల్లో తరచుగా కనబడేది ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120. కలిపితే 300. ఆ లెక్కన 4 గ్రాములు కావాలంటే రోజుకు 13కి పైగా క్యాప్సూల్స్ మింగాలి, ఆ తేన్పులు ఇంట్లోవాళ్లు కూడా భరించాలి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటి పాంక్రియాస్ వాపు భయం ఉన్నవాళ్లకి మేం రాసేది గాఢత ఎక్కువున్న మందు రకం. అప్పుడు కూడా ముందు పట్టించుకోవాల్సింది మద్యం, తీపి, అదుపులో లేని షుగర్.

అపోహ: థర్మాకోల్‌ని కరిగించే నూనె రక్తనాళాల్లో కొవ్వునీ కరిగిస్తుంది.

వాస్తవం: వీడియోలో చూపించేది నిజమే, తీసే అర్థమే తప్పు. ఇథైల్ ఎస్టర్ రూపంలో ఉన్న నూనె థర్మాకోల్‌ని కరిగిస్తుంది. మింగాక అది జీర్ణమై కొవ్వు ఆమ్లాలుగా విడిపోతుంది. రక్తనాళంలో థర్మాకోల్ లేదు కూడా.

అపోహ: ఎలాగైనా గుండెకి మంచిదేగా, వేసుకుంటే పోయేదేముంది?

వాస్తవం: 2018లో వైటల్, అసెండ్ అనే రెండు పెద్ద అధ్యయనాల్లో రోజుకు 1 గ్రాము క్యాప్సూల్‌తో పెద్ద ప్రయోజనం తేలలేదు. అదే ఏడాది రెడ్యూస్-ఇట్ అనే అధ్యయనంలో శుద్ధమైన ఈపీఏ 4 గ్రాములతో గుండె సమస్యలు 25 శాతం తగ్గాయి. అక్కడ పోల్చడానికి ఇచ్చిన మినరల్ ఆయిలే హాని చేసి తేడాను పెంచిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. 2020లో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి ఇచ్చిన స్ట్రెంగ్త్ అధ్యయనంలో ప్రయోజనం కనబడలేదు. పెద్ద మోతాదుల్లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు పెరుగుతుందని మాత్రం పలు అధ్యయనాల్లో కనబడింది. గుండె దడ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టకండి.

అపోహ: కాడ్ లివర్ ఆయిల్ కూడా ఇదే.

వాస్తవం: కాదు. అందులో విటమిన్ ఎ, డి కూడా ఉంటాయి. ఒమేగా-3 కోసం ఎక్కువ తాగితే విటమిన్ ఎ మోతాదు మించిపోతుంది. గర్భిణులకి అది మరీ ప్రమాదం.