హినెమోవా: మనుషుల్లేని దీవుల చుట్టూ తిరిగిన సర్కారు ఓడ

న్యూజిలాండ్‌కు దక్షిణాన 465 కిలోమీటర్ల దూరంలోని ఆక్లాండ్ దీవుల నుంచి పందులను, పిల్లులను, ఎలుకలను పూర్తిగా ఏరివేయాలన్న చర్చ ఏళ్లుగా నడుస్తోంది. మనుషులు కాపురముండని చోట ఇన్ని జంతువులు ఎందుకున్నాయో తెలియాలంటే తెరచాప ఓడల కాలానికి వెళ్లాలి. ఆ చరిత్రలో పదేపదే తగిలే పేరు న్యూజిలాండ్ సర్కారు ఆవిరి ఓడ హినెమోవా.

ఉన్ని, గోధుమలు, బంగారం ఎత్తుకుని ఆస్ట్రేలియా నుంచి యూరప్‌కు బయల్దేరిన ఓడలు పడమటి గాలుల కోసం బాగా దక్షిణానికి దిగి దక్షిణ అమెరికా కొనన ఉన్న కేప్ హార్న్ వైపు సాగేవి. ఆక్లాండ్, క్యాంప్‌బెల్, యాంటిపొడీస్ దీవులు ఆ దారిలోనే ఉన్నాయి. మబ్బు పట్టి సూర్యుడు కనబడకపోతే ఓడ ఎక్కడుందో లెక్కకు అందదు. పైగా కొన్ని పటాల్లో దీవుల స్థానమే తప్పు. 1864లో ఇన్వర్‌కాల్డ్ ఓడ పగిలినప్పుడు 19 మంది ఒడ్డెక్కారు, బతికింది ముగ్గురే. 1866లో జనరల్ గ్రాంట్ ఓడ పగిలినప్పుడు అందులో 83 మంది ఉండగా, ఏడాదిన్నర తర్వాత మరో ఓడ వచ్చి కాపాడింది పదిమందినే.

అందుకే, ఓడ పగిలి ఒడ్డున పడ్డవాళ్ల కోసం దీవుల్లో డిపోలు పెట్టారు. చిన్న కొయ్య గుడిసెలో బిస్కట్లు, డబ్బా మాంసం, దుప్పట్లు, బూట్లు, అగ్గిపెట్టెలు, గాలాలు, పనిముట్లు, తుపాకీ, తూటాలు ఉంచేవారు. కొన్నిచోట్ల పడవ కూడా ఉండేది. సీల్ వేటగాళ్లు వీటిని దోచుకునేవారు. అందుకని డిపో సూట్లను ప్రత్యేకమైన గుడ్డతో కుట్టించారు, ఎవరైనా వేసుకుని రేవులో తిరిగితే ఇట్టే దొరికిపోయేలా. కాపలా పెట్టలేని చోట ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

1876లో స్కాట్లాండ్‌లోని గ్రీనాక్‌లో స్కాట్ కంపెనీ కట్టిన 542 టన్నుల హినెమోవా గవర్నర్ల పర్యటనలకూ పనికొచ్చింది. కానీ దాని అసలు పని లైట్‌హౌస్‌లకు సరుకులు చేరవేయడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఈ దీవులు చుట్టి రావడం. తీరం వెంబడి కూత వేసుకుంటూ నడిచి, ఒడ్డున ఎవరైనా ఉన్నారేమో చూసి, డిపోల్లో పాడైనవి, తరిగినవి మార్చేది.

డిపో ఉన్నంత మాత్రాన సరిపోదు, అది కంటపడాలి. 1893లో స్పిరిట్ ఆఫ్ ది డాన్ ఓడ యాంటిపొడీస్ దగ్గర మునిగింది. బయటపడిన 11 మంది దాదాపు మూడు నెలలు పక్షుల పచ్చిమాంసం తిని బతికారు. అదే దీవి అవతలి వైపున్న డిపో వాళ్లకు దొరకనే లేదు. చివరికి కాపాడింది హినెమోవాయే. దారి చూపే గురుతు స్తంభాలు నాటడం వెనక ఉన్నది ఈ ఇబ్బందే.

1907 మార్చిలో డండొనాల్డ్ ఓడ పగిలింది ఆక్లాండ్ దీవుల్లో డిపోయే లేని డిసప్పాయింట్‌మెంట్ దీవి మీద. 28 మందిలో 12 మంది మునిగిపోయారు, ఒడ్డుకు చేరాక ఇంకొకరు పోయారు. మిగిలినవాళ్లు పొదల కొమ్మలు వంచి చట్రం కట్టి, దానికి తెరచాప గుడ్డ కుట్టి తెప్పల్లాంటి పడవలు చేసుకున్నారు. మూడో ప్రయత్నంలో, అక్టోబరులో, పెద్ద దీవి డిపోకు చేరి అక్కడి పడవతో తక్కినవారిని తెచ్చుకున్నారు. నవంబరులో శాస్త్రవేత్తల బృందాన్ని తీసుకుని వచ్చిన హినెమోవా ఆ 15 మందినీ ఎక్కించుకుంది.

డిపోలో ఎంత పెట్టినా ఏదో ఒకరోజు అయిపోతుంది. ఆ దిగులుతోనే, ఒడ్డున పడ్డవాళ్లకు తిండి అవుతాయని దీవుల్లో మేకలు, గొర్రెలు, కుందేళ్లు వదిలారు. పందులైతే 1807 నాటికే ఉన్నాయి. అవి పక్షుల గూళ్లను, గడ్డలను పెకలించి తినగా, మేకలు, కుందేళ్లు మొక్కల్ని మొలకెత్తగానే కొరికేశాయి. 1902లో గవర్నర్ రాన్‌ఫర్లీ బృందం మ్యూజియం కోసం చంపిన ఆక్లాండ్ మెర్గాన్సర్ అనే బాతుల తర్వాత ఆ జాతి మళ్లీ కనిపించలేదు. ఆ నేరం మాత్రం ఒక్క పందులదే కాదు.

1914లో పనామా కాలువ తెరుచుకుని ఆ దారి పాతబడింది, వైర్‌లెస్ వచ్చింది. 1920ల చివరికి డిపోల పోషణ ఆగిపోయింది. హినెమోవాను 1944లో ముంచేశారు. ఆక్లాండ్ దీవుల్లోని ఎండర్బీ నుంచి పశువులను, కుందేళ్లను 1993 ప్రాంతంలో, యాంటిపొడీస్ నుంచి ఎలుకలను 2016లో తొలగించారు. దాదాపు 46,000 హెక్టార్ల ఆక్లాండ్ పెద్ద దీవిలో మేకలు పోయాయి. పందులు, పిల్లులు, ఎలుకలను మూడింటినీ కలిపి తీసేస్తేనే ఫలితం, అందుకే ఖర్చు లెక్క దగ్గర పని ఆగుతూ వచ్చింది.