బెజవాడ ఎండకు నీటిరంగుల బొమ్మ నిలుస్తుందా?

షష్టిపూర్తికి వెండి కంచమో, పట్టుబట్టలో పెట్టడం మామూలే. ఈమధ్య విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఇంకో కానుక కూడా కనిపిస్తోంది. అమ్మానాన్నల పెళ్లి ఫొటో చూసి వేయించిన నీటిరంగుల బొమ్మ. లేదంటే ఎప్పుడో అమ్మేసిన ఊళ్లో పెంకుటిల్లు, అరుగు మీద తాతయ్య పడక్కుర్చీతో సహా. అమెరికాలో ఉన్న కూతురు వాట్సాప్‌లో ఫొటో పంపితే, ఇక్కడి ఆర్టిస్టు బొమ్మ వేసి, ఫ్రేము కట్టించి, ఫంక్షన్ హాలుకి చేరుస్తున్నాడు. పోలిక కుదిరిందా లేదా అని చుట్టాలంతా చూస్తారు. మనవల పెళ్లిదాకా ఆ బొమ్మ ఉంటుందా అని మాత్రం ఎవరూ అడగరు. అది చేతి పనితనం కంటే ట్యూబులో ఏ రంగుంది, కింద ఏ కాగితముంది, ఏ గోడకు తగిలించారు అన్నవాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

నీటిరంగు అంటే మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే బంక, అంతే. ఆ బంక ఆఫ్రికాలో, ముఖ్యంగా సూడాన్‌లో పెరిగే ఒక తుమ్మ చెట్టుది. మన పొలం గట్ల మీది నల్లతుమ్మకు దగ్గరి చుట్టం. ట్యూబులో గట్టిపడకుండా కాస్త గ్లిజరినో తేనో కలుపుతారు. ఈ బంక ఎన్నేళ్లు ఎండినా, నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. ఆయిల్ పెయింటులో నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొర కడుతుంది. యాక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరే. నీటిరంగుకి అలాంటి కవచమేదీ లేదు. రేణువులు కాగితం పోగుల మధ్య ఊరికే కూర్చుని ఉంటాయి.

ఇందులో తెల్లరంగు దాదాపు వాడరు. అమ్మ ముక్కుపుడక మీద మెరుపు, నాన్న పంచె తెలుపు, అన్నీ రంగు వేయకుండా వదిలేసిన కాగితమే. మిగతా చోట్ల వెలుతురు పలచని రంగుపొరలోంచి దిగి, కాగితాన్ని తాకి, మళ్లీ ఆ పొరలోంచే పైకి వస్తుంది. బొమ్మ లోపలినుంచి వెలుగుతున్నట్టు అనిపించేది అందుకే. దిద్దుబాట్లు కష్టమయ్యేదీ అందుకే. ‘నాన్న మీసం ఇంకాస్త పెంచండి’ అంటే పెంచొచ్చు. ‘అమ్మ చెంప కొంచెం తెల్లగా చేయండి’ అంటే మాత్రం తడి కుంచెతో రుద్ది రంగు లేపాలి. మట్టిరంగులు చాలావరకు లేస్తాయి. థాలో నీలం లాంటివి పోగుల్లోకి దిగిపోయి, ఎంత రుద్దినా మరక వదలవు. పెన్సిలు గీత దశలోనే పోలిక చూసుకుని సరే అనుకోవడం ఇద్దరికీ మంచిది. (చెంప తెల్లగా చేయమని అడగకపోవడం ఇంకా మంచిది.)

ఈ ప్రాంతానికి నీటిరంగులు కొత్తవేం కాదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ అనే బెంగాలీ చిత్రకారుడి దగ్గర అడివి బాపిరాజు చిత్రకళ నేర్చుకున్నారు. ఆ బెంగాలు సంప్రదాయంలోని వాష్ పద్ధతిలో, బొమ్మ వేసిన కాగితాన్ని నీళ్లలో తడిపి, ఆరాక మళ్లీ రంగు వేస్తారు. పైపై రంగు కొట్టుకుపోయి, పోగుల్లోకి దిగినది మిగులుతుంది.

బల్ల మీద ఒలికిన కాఫీ చుక్కని ఎండాక చూడండి. మధ్యలో లేతగా, అంచున ముదురు గీతగా ఉంటుంది. చుక్క అంచు బల్లకి అతుక్కుని కదలదు. నీరు ఆవిరయ్యేది అంచు దగ్గరే ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అటు పారుతూ, రేణువుల్ని కూడా మోసుకుపోతుంది. 1997లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీన్ని లెక్కకట్టి ‘నేచర్’ పత్రికలో వివరించారు. నీటిరంగుల్లో అరటాకు చివరనో, చీర కుచ్చెళ్ల దగ్గరో కనిపించే సన్నని ముదురు గీత ఇలా పుట్టేదే.

అది నిజంగా చేత్తో వేసిన బొమ్మేనా అని తేల్చుకోవడానికీ ఇలాంటి ఆనవాళ్లే ఆధారం. బొమ్మని కిటికీ పక్కన ఏటవాలుగా పట్టుకోండి. అల్ట్రామెరైన్ నీలం వేసిన చోట రంగు కాగితం గుంటల్లో రవ్వలు రవ్వలుగా చేరి, మిట్టల మీద పలచబడి ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింటైతే భూతద్దం కింద గుంటకీ మిట్టకీ తేడా లేకుండా ఒకే తీరున పరుచుకున్న చుక్కలు కనిపిస్తాయి. ‘వాటర్‌కలర్ పోర్ట్రెయిట్’ అని ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో ఫొటోకి ఫిల్టర్ వేసి ప్రింటు తీసినవీ ఉంటాయి. ప్రింటు ఇవ్వడంలో తప్పేం లేదు, ప్రింటు ధరకి ఇస్తే.

ఊరి వాతావరణం కూడా బొమ్మలో చెయ్యి పెడుతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఎండ 45 డిగ్రీలకు చేరే ఆ రోజుల్లో ఆకాశానికి నీలం పూస్తుంటే, కుంచె ఈ చివరనుంచి ఆ చివరకు చేరేలోపే మొదట పూసింది ఎండి గీత కడుతుంది. తెల్లవారుజామున, ఫ్యాను కట్టేసి పని చేసుకోవడమే దారి. శ్రావణ భాద్రపదాల్లో కథ తిరగబడుతుంది. గాలి నిండా తేమ, పూత ఓ పట్టాన ఆరదు. సగం ఆరిన చోట నీటిచుక్క పడితే రంగుని నెట్టుకుంటూ పువ్వులా విచ్చుకుంటుంది. ఆర్టిస్టులు దాన్ని కాలీఫ్లవర్ అనే అంటారు.

ఇక రంగు వెలిసిపోవడం. గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకి ఇది తెలిసిన సంగతే. ఎర్రగా నిగనిగలాడే కాయకి ఒక ధర, రంగు పోయిన తాలుకాయకి ఇంకో ధర. పండు మిరపలో ఎరుపు ముఖ్యంగా క్యాప్సాంథిన్ అనే కెరోటినాయిడ్‌ది. పొడవాటి కార్బన్ గొలుసు, అందులో ఒకటి విడిచి ఒకటిగా జంట బంధాలు. ఆ అమరికే వెలుతురులోని నీలాన్ని మింగి, ఎరుపుని మనకి వదులుతుంది. వెలుతురు, వేడి, ఆక్సిజన్ కలిసి ఆ గొలుసుని ఎక్కడో ఒకచోట తెంపాయంటే రంగు పోయినట్టే. కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలను చల్లగా, చీకట్లో దాచేది ఇందుక్కూడా. ఆర్టిస్టు వాడే కర్బన (ఆర్గానిక్) రంగుల్లో చాలావాటికి కూడా ఇదే గతి, కాకపోతే నెమ్మదిగా.

వాటిలో ముందుగా అనుమానించాల్సింది ఎలిజరిన్ క్రిమ్సన్. పెళ్లి పట్టుచీర ఎరుపుకి, పెదవులకి, చెంపల మీది లేత గులాబికి చెయ్యి దానివైపే పోతుంది. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్మన్ ఎలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారు చేసేదాకా దాన్ని వేర్లనుంచే తీసేవారు. మన వైపు ఆ వేరు చిరివేరు. బందరు కలంకారీ ఎరుపు దానిదే. గుడ్డ మీద తరాలపాటు నిలిచింది కదా అనుకోవచ్చు. గుడ్డలో రంగు పోగు లోపలిదాకా దట్టంగా పడుతుంది, పైగా ఆ బట్టలు పెట్టెలో చీకట్లో ఉంటాయి. కాగితం మీద పలచగా పూసి, రోజూ వెలుతురు తగిలే హాల్లో పెడితే పరిస్థితి వేరు. ఎంత పలచని పూతైతే అంత త్వరగా పోతుంది. అంటే పట్టుచీర ఎరుపు ఇంకా ఉండగానే చెంపలోని గులాబి ఎగిరిపోయి, అమ్మ ముఖం పాలిపోతుంది.

నిలిచే రంగులు లేకపోలేదు. ఎలిజరిన్ బదులు 1958లో మార్కెట్లోకి వచ్చిన క్వినాక్రిడోన్ ఎరుపులు, గులాబీలు వాడొచ్చు. అల్ట్రామెరైన్ కూడా గట్టిదే. సున్నంలో కలిపే నీలం పొడి కూడా ఇదే పదార్థం. గంధకం పరమాణువులు మూడేసి చొప్పున అల్యూమినియం, సిలికాన్‌ల పంజరంలో బందీలై ఉంటాయి కాబట్టి వెలుతురు వాటినేమీ చేయలేదు. ఆమ్లానికి మాత్రం ఆ పంజరం విరిగిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఇనుము కలిసిన మట్టిరంగులు. వేల ఏళ్లనాటి గుహచిత్రాల్లో ఇప్పటికీ మిగిలినవి ఎక్కువగా అవే. మన ఒంటి ఛాయలకి కావాల్సిన రంగులు కూడా చాలావరకు అవే: బర్న్ట్ సియెనా (కాల్చిన ఎర్రగోధుమ మట్టి), పసుపుమట్టి, చిటికెడు అల్ట్రామెరైన్.

ట్యూబు మీద రంగు పేరు చూసి మోసపోకండి, కోడ్ చూడండి. ఒకే పేరుతో రెండు కంపెనీలు రెండు వేరే పదార్థాలు అమ్ముతాయి. పీఆర్83 అంటే ఎలిజరిన్ క్రిమ్సన్, పీవీ19 అంటే క్వినాక్రిడోన్, పీబీ29 అంటే అల్ట్రామెరైన్. ‘ఏ కోడ్ రంగులు వాడతారండీ?’ అని అడిగితే పని తెలిసిన ఆర్టిస్టు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

అసలు ఈ గొడవ ఇంగ్లండులో 19వ శతాబ్దంలోనే ముదిరింది. రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు నీటిరంగులు పూసిన కాగితం ముక్కలను గాజు గొట్టాల్లో పెట్టి నెలల తరబడి ఎండబెట్టారు. కొన్ని గొట్టాల్లో తేమగాలి, కొన్నిట్లో పొడిగాలి, కొన్నిట్లో గాలి తీసేసిన ఖాళీ. 1888లో వాళ్లిచ్చిన నివేదిక ప్రకారం, గాలీ తేమా లేని చోట ఎండ తగిలినా చాలా రంగులు చెక్కుచెదరలేదు. తేమ ఉన్నచోట నష్టం ఎక్కువ. కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: మనకి ఎండొక్కటే కాదు, ఉక్క కూడా శత్రువే.

మ్యూజియాల్లో నీటిరంగుల మీద 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ గ్యాలరీకి హెన్రీ వాన్ అనే సేకర్త, ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ వేసిన నీటిరంగుల చిత్రాలను రాసిచ్చినప్పుడు పెట్టిన షరతు ఏమిటంటే, ఏటా జనవరిలోనే ప్రదర్శించాలి. అక్కడ ఆ నెలలో ఎండ బాగా తక్కువ. నూరేళ్లు దాటినా ఆ ఆనవాయితీ నడుస్తోంది. మనకి అంత చాదస్తం అక్కర్లేదు. బాల్కనీ తలుపుకి ఎదురుగా ఉన్న గోడ వదిలేస్తే చాలు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొన్నిటినే ఆపుతుంది, ఎక్కువ ఆపే అద్దాలు దొరుకుతాయి. కానీ మామూలు వెలుతురు కూడా రంగు తింటుంది కాబట్టి అద్దం మీద పూర్తి భరోసా పెట్టుకోకూడదు.

వానాకాలంలో చెమ్మ పట్టే బయటి గోడ కూడా వద్దు. తేమ 70 శాతం దగ్గర నిలబడితే బూజుకి పండగే. బొమ్మకి తగలకుండా మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) పెట్టించి అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉంచాలి. వెనకాల మామూలు గడ్డి అట్ట పెడితే, దానిలోని ఆమ్లం కొన్నేళ్లకి కాగితాన్ని గోధుమరంగుకి తిప్పుతుంది. ఫ్రేము షాపులో ‘యాసిడ్ ఫ్రీ బోర్డు’ అని గట్టిగా అడగాలి. కాగితం నూరుశాతం పత్తిదై, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఉంటే మేలు. చౌక చెక్కగుజ్జు కాగితంలోని లిగ్నిన్ పాత వార్తాపత్రికలా పసుపెక్కుతుంది, దాంతోపాటే అమ్మ ముక్కుపుడక మెరుపూ పోతుంది.

ఫొటో పంపేటప్పుడు ఒక మాట. చాలా ఇళ్లలో 1970లు, 80ల నాటి కలర్ ఫొటోలు ఎర్రబారి ఉంటాయి. ఆల్బంలో చీకట్లో ఉన్నా వాటిలోని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందు పోతుంది, ఎరుపు మిగులుతుంది. ఆ ఎర్రదనం ఫొటో జబ్బు, చీర రంగు కాదు. చీర ఇంకా బీరువాలో ఉంటే పగటి వెలుతురులో దాన్ని ఫొటో తీసి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరం తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి.

బొమ్మ చేతికొచ్చేటప్పుడు దానికి వాడిన రంగులన్నీ అదే కాగితం ముక్క మీద పట్టీలుగా పూసి ఇమ్మనండి. ప్రతి రంగూ చిక్కగా ఒకచోట, పలచగా ఒకచోట. సగం పట్టీని నల్లకాగితంతో మూసి, సంక్రాంతి వెళ్లాక దక్షిణం కిటికీకి అతికించి, మృగశిర దాకా వదిలేయండి. నల్లకాగితం తీసి చూస్తే ఏ రంగు నిలిచిందో, ఏది మోసం చేసిందో పక్కపక్కనే కనిపిస్తుంది. పలచని గులాబి మాయమై ఉంటే, బొమ్మని హాల్లోంచి తీసి లోపలి గదిలోకి మార్చండి. అప్పటికి ఇంకా ఆలస్యమేమీ కాలేదు.