రోగితో మాట్లాడే తీరిక నర్సుకు ఉందా?

నర్సులు అలిసిపోతున్నారంటే నైట్ డ్యూటీలో నిద్ర లేక, గంటల తరబడి నిలబడి కాళ్లు లాగడం వల్ల అనుకుంటాం. అదీ నిజమే. కానీ ఆ అలసట రెండు రోజులు సెలవు పెట్టి పడుకుంటే చాలావరకు తీరుతుంది. సెలవు అయిపోయాక కూడా వార్డులో అడుగు పెట్టబుద్ధి కాకపోతే అది వేరే సంగతి. దాన్నే బర్నౌట్ అంటున్నారు.

దీన్ని కొలవడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు విషయాలు చూస్తారు. మనసులో ఓపిక పూర్తిగా ఇంకిపోవడం ఒకటి. రోగి మనిషిలా కాకుండా బెడ్ నంబరులా కనిపించడం రెండోది. మూడోది పనిలో తృప్తి పోవడం. 'నా వల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా?' అన్న అనుమానం పట్టుకోవడం. నా దృష్టిలో మనిషిని లోపల్నుంచి తినేసేది ఇదే.

ఆ తృప్తి ఎక్కడ పోతోందో 2014లో వెలువడిన ఒక అధ్యయనం చూస్తే తెలుస్తుంది. 12 యూరప్ దేశాల్లో, 488 ఆసుపత్రుల్లో 33 వేలమందికి పైగా నర్సులను 'కిందటి డ్యూటీలో టైం చాలక ఏ పని వదిలేశారు?' అని అడిగారు. రోగితో మాట్లాడి ధైర్యం చెప్పలేకపోయామని 53 శాతం మంది చెప్పారు. రోగికీ ఇంటివాళ్లకీ జాగ్రత్తలు నేర్పలేకపోయామన్నవాళ్లు 41 శాతం. ఇంజెక్షన్ ఇస్తే కేస్ షీటులో రాయాలి, ఇవ్వకపోతే అడుగుతారు. ధైర్యం చెప్పలేదేమని అడిగేవాళ్లు ఉండరు.

కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టిన పెద్దాయన డిశ్చార్జ్ అవుతున్నాడనుకోండి. పొట్ట మీద చర్మం ఎలా పట్టుకోవాలి, రోజూ ఒకేచోట ఎందుకు గుచ్చకూడదు, ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే మందు ఎక్కడ దాచాలి, ఇవన్నీ దగ్గర కూర్చుని చూపించాలి. ఈలోగా అటువైపు సెలైన్ అయిపోయిందని "సిస్టర్!" అంటూ కేక. కాగితం ఆయన చేతిలో పెట్టి పరుగెత్తాల్సిందే. ఎలా నేర్పాలో ఆమెకు బాగా తెలుసు. నేర్పలేకపోయానన్న సంగతి ఇంటికెళ్లాక కూడా గుచ్చుతూనే ఉంటుంది. ఇలా రోజూ జరిగితే కొన్నాళ్లకు మనసు మొద్దుబారుతుంది. ఆమెకు జాలి లేదని మనం అనేస్తాం.

అందుకే యోగా క్లాసులు, కౌన్సెలింగ్ పెట్టి చేతులు దులుపుకుంటే నాకు కోపం వస్తుంది. అవి మంచివే, కానీ వార్డులో ఇంకో మనిషిని తెచ్చిపెట్టలేవు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల మీద నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఒక నర్సుకు అదనంగా ఒక్కో రోగిని అప్పగించినకొద్దీ బర్నౌట్ అవకాశం 23 శాతం పెరిగిందని తేలింది. ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం కూడా 7 శాతం పెరిగింది. అంటే ఇది నర్సుల బాధ మాత్రమే కాదు, మంచం మీద ఉన్న మన ప్రాణం సంగతి కూడా.

కాలిఫోర్నియాలో 2004 నుంచి ఒక నర్సుకు ఎంతమంది రోగులుండాలో చట్టమే చెబుతోంది. మామూలు వార్డుల్లో అది ఇప్పుడు అయిదుగురు. అలాంటి చట్టం లేని పెన్సిల్వేనియా, న్యూజెర్సీలతో పోల్చి చూస్తే కాలిఫోర్నియా నర్సుల్లో బర్నౌట్ తక్కువగా కనిపించింది. మన భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం కూడా బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, జనరల్ ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు అనే చెబుతుంది. రాత్రిపూట వార్డు మొత్తాన్ని ఒక్క సిస్టరే చూసుకోవడం మాత్రం మనకు కొత్త కాదు. ఖాళీ పోస్టులు నింపమని అడగడం నర్సుల సంఘాలకే వదిలేస్తున్నాం. రోగుల తరఫున మనమూ అడగాలి.