గెలిచిన దేశమే నష్టపరిహారం కట్టిన వైనం: హైతీ తొలి దశాబ్దాలు

కరీబియన్ సముద్రంలోని తమ పాత వలస హైతీతో తమ దేశానికున్న గతాన్ని పరిశీలించేందుకు ఉభయ దేశాల చరిత్రకారులతో ఒక సంయుక్త కమిషన్ వేస్తున్నామని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మాక్రాన్ 2025 ఏప్రిల్ 17న ప్రకటించారు. ఆ తేదీని కావాలనే ఎంచుకున్నారు. సరిగ్గా రెండు వందల ఏళ్ల క్రితం అదే రోజున ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ ఒక ఆర్డినెన్సు మీద సంతకం చేశాడు. హైతీ స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే ఆ దేశం 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించాలని అది షరతు పెట్టింది. ఈ సొమ్ము చేరవలసింది తోటలు పోగొట్టుకున్న పాత యజమానులకు. వారు కోల్పోయామని చెప్పుకున్న ఆస్తుల్లో భూములు, మిల్లులతో పాటు మనుషులు కూడా ఉన్నారు. తమను తాము విడిపించుకున్న ప్రజలు తమ విడుదలకే వెల కట్టవలసి వచ్చింది. అప్పటికి స్వాతంత్ర్య యుద్ధం ముగిసి ఇరవై ఒక్క ఏళ్లు దాటింది.

ఆ దేశం అంత బలహీన స్థితికి ఎలా వచ్చిందో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1789 నాటికి సాన్ డొమింగ్ అనే పేరున్న ఈ ఫ్రెంచి వలసలో దాదాపు 5 లక్షల మంది బానిసలు ఉండేవారు. ఐరోపాకు చేరే కాఫీలో సుమారు సగం, చక్కెరలో పెద్ద వాటా అక్కడి నుంచే వెళ్లేవి. 1791 ఆగస్టులో ఉత్తర మైదానంలోని తోటల్లో మొదలైన తిరుగుబాటు పన్నెండేళ్లకు పైగా సాగింది. 1802లో నెపోలియన్ పంపిన భారీ సైన్యం బానిసత్వాన్ని తిరిగి తెస్తుందని అందరికీ అర్థమయ్యాక రాజీకి దారి మూసుకుపోయింది. నాయకుడు టూసాన్ లూవెర్చ్యూర్‌ను బంధించి ఫ్రాన్స్‌కు తరలించగా, 1803 ఏప్రిల్‌లో ఆయన అక్కడి చెరలోనే మరణించాడు. అదే ఏడాది నవంబరులో వెర్తియేర్ వద్ద ఫ్రెంచి సేన ఓడింది. 1804 జనవరి 1న గొనాయీవ్‌లో విప్లవ సేనాని జాన్ జాక్ దెస్సలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు.

చేతికి వచ్చిన దేశంలో తోటలు కాలిపోయి ఉన్నాయి, మిల్లులు విరిగిపోయి ఉన్నాయి, సముద్రం ఆవల ఉన్న శత్రువు తన హక్కును వదులుకోలేదు. కాబట్టి సైన్యాన్ని నిలుపుకోవాలి. సైన్యానికి ఆయుధాలు, మందుగుండు బయటినుంచి కొనాలి. వాటిని కొనాలంటే ఎగుమతి చేయడానికి సరుకు ఉండాలి. ఉత్తరాన మరో విప్లవ సేనాని ఆన్రీ క్రిస్టోఫ్ కొండ శిఖరం మీద కట్టించిన లాఫెరియేర్ కోటను చూస్తే ఆ భయం ఎంత నిజమో, దాని ఖర్చు ఎంత భారమో తెలుస్తుంది.

ఇక్కడే కొత్త ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య తొలి చీలిక వచ్చింది. చెరకు చిన్న కమతంలో లాభసాటిగా పండే పంట కాదు. దానికి మిల్లు కావాలి, రసం కాచే కొలిమి కావాలి, కొన్నిచోట్ల కాలువలు కావాలి, కోత కాలంలో రాత్రింబవళ్లు పనిచేసే పెద్ద కూలీల గుంపు కావాలి. ఆ గుంపులో మళ్లీ చేరడానికి ఎవరు ఒప్పుకుంటారు? స్వేచ్ఛ అంటే కొరడా లేకపోవడం మాత్రమే కాదని, తన చెక్క భూమిలో తనకు నచ్చిన పంట వేసుకోవడమని నిన్నటి బానిసలు అనుకున్నారు. లూవెర్చ్యూర్ కాలం నుంచే పాలకులు దీన్ని మరోలా చూశారు. కూలీలను తోటలకు కట్టిపడేసి, సైనిక క్రమశిక్షణలో పనిచేయించి, పంటలో నాలుగో వంతు వారికి ఇచ్చే పద్ధతిని ఆయన పెట్టగా, దెస్సలీన్, క్రిస్టోఫ్ దాన్నే కొనసాగించారు. పాలకుల అవసరాన్ని కాదనలేం, కానీ వెట్టిని వద్దన్న విప్లవం పదేళ్లు తిరగకుండానే అలాంటి నియమాలను తానే రాసుకోవడం మాత్రం కటువైన నిజం.

1806 అక్టోబరులో దెస్సలీన్ సొంత అధికారుల చేతుల్లోనే హతమయ్యాక దేశం రెండు ముక్కలైంది. ఉత్తరాన క్రిస్టోఫ్ 1811లో రాజుగా పట్టం కట్టుకుని కఠినంగా తోటలను నడిపించాడు. దక్షిణాన అలెగ్జాండర్ పెత్యోన్ గణతంత్రాన్ని స్థాపించి, సైనికులకూ అధికారులకూ భూములు పంచాడు. ఉత్తరంలో ఖజానా నిండింది, దక్షిణంలో జనం కొంత ఊపిరి పీల్చుకున్నారు. చివరకు దక్షిణపు దారే గెలిచింది. 1820లో క్రిస్టోఫ్ ఆత్మహత్య తరువాత పెత్యోన్ వారసుడు జాన్ పియెర్ బోయె దేశాన్ని ఏకం చేశాడు. మిల్లు అవసరం లేకుండా కొండవాలుల్లో ఒక్క కుటుంబమే పెంచగలిగిన కాఫీ ప్రధాన ఎగుమతిగా నిలిచింది, చక్కెర దాదాపు మాయమైంది.

దౌత్యపరంగా చుట్టూ గోడలే. బానిసల మీద ఆధారపడిన దేశాలు ఈ ఉదాహరణ తమ తోటలకు పాకుతుందేమోనని బెదిరాయి. 1804లో దెస్సలీన్ ఆజ్ఞతో మిగిలిన ఫ్రెంచి పౌరులలో ఎక్కువమందిని చంపించడం ఆ వెలికి మరో సాకు ఇచ్చింది. 1806లో అమెరికా వాణిజ్య నిషేధం విధించింది. పెత్యోన్ ఆశ్రయమూ ఆయుధాలూ ఇచ్చి నిలబెట్టిన దక్షిణ అమెరికా స్వాతంత్ర్య నాయకుడు సిమోన్ బొలివార్ చొరవతో 1826లో పనామాలో జరిగిన అమెరికా ఖండ దేశాల సమావేశానికి కూడా హైతీని పిలవలేదు. అమెరికా గుర్తింపు 1862 దాకా రాలేదు.

1825 జూలైలో ఫ్రాన్స్ రాజు దూత బారన్ ద మకో ఆర్డినెన్సును హైతీ రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌కు తెచ్చినప్పటి పరిస్థితి ఇది. ఆయన వెనుక 14 యుద్ధనౌకలు ఉన్నాయి. ఆ పత్రంలో హైతీ అనే పేరే లేదు, ‘సాన్ డొమింగ్ ఫ్రెంచి భాగపు నివాసులు’ అని మాత్రమే ఉంది. అయిదు సమాన వార్షిక వాయిదాలు, వాటికి తోడు ఫ్రెంచి ఓడలకు సుంకంలో సగం రాయితీ. అంటే చెల్లించవలసిన మొత్తాన్ని పెంచుతూనే, అది వచ్చే దారిని కుదించారు. పోలికకు ఒక్క మాట: సాన్ డొమింగ్ చేజారిపోతుండగా నెపోలియన్ 1803లో అమెరికాకు అమ్మేసిన విశాలమైన లూసియానా ప్రాంతం అంతటికీ పలికిన ధర 8 కోట్ల ఫ్రాంకులు.

బోయె ఒప్పుకున్నాడు. 3 కోట్ల తొలి వాయిదాకు కూడా ఖజానాలో సొమ్ము లేక పారిస్ బ్యాంకుల దగ్గర 3 కోట్ల అప్పు చేశాడు, కమీషన్లు పోగా చేతికి వచ్చింది 2.4 కోట్లే. నష్టపరిహారం ఒకటి, దాన్ని కట్టడానికి చేసిన అప్పు మరొకటి, ఇలా దేశం మీద జోడు రుణం పడింది. 1826లో తెచ్చిన గ్రామీణ స్మృతి అనే చట్టం రైతులను మళ్లీ తోటలకు కట్టేయాలని చూసింది, కానీ కొండల్లో కమతాలు చేసుకుని స్థిరపడినవారు దాన్ని లెక్కచేయలేదు. వాయిదాలు ఆగిపోయాయి. 1838లో ఫ్రాన్స్ మిగిలిన బాకీని 6 కోట్లకు తగ్గించి, తొలి వాయిదాతో కలిపి మొత్తం 9 కోట్లు కాగా, ఈసారి షరతులు లేకుండా స్వాతంత్ర్యాన్ని గుర్తించింది.

రైతు దగ్గర నేరుగా పన్ను వసూలు చేయలేని ప్రభుత్వం రేవుల్లో కాఫీ మీద సుంకం వేసింది. వ్యాపారి ఆ సుంకాన్ని రైతుకు ఇచ్చే ధరలోంచి కోసుకున్నాడు. రాజ్యానికి ఆదాయమంతా కస్టమ్స్ కార్యాలయాల నుంచే వస్తున్నప్పుడు, ఏ రేవు ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వారిదే అవుతుంది. 1843లో బోయెను గద్దె దించినప్పటి నుంచి హైతీలో సాగిన కుట్రలలో చాలావాటికి ఈ లెక్కే మూలం. రోడ్లకు, బడులకు మిగిలింది తక్కువ. అయితే దేశం పేదరికానికంతటికీ ఆ ఒక్క పత్రాన్నే బాధ్యురాలిని చేయడం సరికాదు, తోట కావాలన్న పాలకులకూ కమతం కావాలన్న రైతాంగానికీ తగవు అంతకు ముందే ఉంది. రుణం చేసిందల్లా ఆ తగవును సర్దుకునే వెసులుబాటు ఎవరికీ లేకుండా చేయడం.

నష్టపరిహారం తీరేలోగా దాని స్థానంలో 1875 నాటి వంటి కొత్త విదేశీ అప్పులు వచ్చి చేరాయి. 1915లో అమెరికా సైన్యం దేశాన్ని ఆక్రమించి 1934 వరకు ఉంది. ఆ రుణాల గొలుసు చివరి కొస 1947లో గానీ తెగలేదు. 2003లో అధ్యక్షుడు జాన్ బెర్త్రాన్ అరిస్టీడ్ దాదాపు 2,168 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వాలని ఫ్రాన్స్‌ను కోరాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన పదవి కోల్పోయాక, తాత్కాలిక ప్రభుత్వం ఆ డిమాండును విరమించుకుంది. 2015 మేలో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫ్రాన్స్వా ఓలాండ్ హైతీకి తమ బాకీ తీరుస్తామని అనగా, అది నైతికమైన బాకీయే తప్ప డబ్బు కాదని ఆయన సిబ్బంది వెంటనే వివరణ ఇచ్చారు.