ఏరిత్‌ను బతికించాలా?

'ఫైనల్ ఫాంటసీ 7' వీడియో గేమ్‌కు మూడు భాగాలుగా తీస్తున్న రీమేక్‌లో మూడో భాగం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఒకే తగువు: నాయికల్లో ఒకరైన ఏరిత్‌ను బతికిస్తారా, లేదా? (కథ తెలియనివాళ్లు ఇక్కడే ఆగండి. 1997 నాటి ఆట, ఇక దాచేదేముంది అనుకుని చెప్పేస్తున్నా.)

ఈ గొడవకు మూలం పాత ఆటలో మొదటి సీడీ చివర్లో ఉంది.

పాడుబడ్డ నగరంలో, నీళ్ల మధ్య వేదిక మీద ఏరిత్ మోకరిల్లి ప్రార్థన చేస్తుంటుంది. దగ్గరికెళ్లిన కథానాయకుడు క్లౌడ్‌కు తన ఒంటి మీద తనకే అదుపు ఉండదు. మనం బటన్లు నొక్కేకొద్దీ అతని కత్తి ఆమె మీదికే లేస్తుంది. తోటివాళ్లు అరిస్తే ఆగుతాడు. ఆమె కళ్లు తెరిచి నవ్వుతుంది. అప్పుడు పైనుంచి ప్రతినాయకుడు సెఫిరాత్ దిగి, ఆమెను కత్తితో పొడిచేస్తాడు. ఆమె జుట్టులోని తెల్ల మటీరియా (మాయశక్తి ఉన్న గోళీ) జారి, ఎగిరెగిరి పడుతూ నీళ్లలో కలిసిపోతుంది. వెంటనే బాస్ ఫైట్, అంటే పెద్ద శత్రువుతో పోరు. కానీ సంగీతం మారదు. సంగీతకారుడు నొబువొ ఉఎమాత్సు ఆమె కోసం కట్టిన బాణీయే వినిపిస్తుంటే కొట్లాడాలి.

గొంతుల్లేవు, చెక్కముక్కల్లాంటి బొమ్మలు. అయినా ఏడ్చారు. ఎందుకంటే అప్పటిదాకా దెబ్బలు మాన్పింది ఆమే. ఆమె ఆఖరి ప్రత్యేక శక్తి 'గ్రేట్ గాస్పెల్' కోసం నానా తంటాలు పడ్డవాళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరయింది. సంచిలో పోరులో పడిపోయినవాళ్లను లేపే ఫీనిక్స్ డౌన్‌లు ఎన్ని ఉన్నా ఈ చావుకు పనికిరావు.

దర్శకుడు యోషినొరి కిటాసే తర్వాత చెప్పుకొచ్చింది కూడా అదే: సినిమాల్లోలా త్యాగం చేసి, వీడ్కోలు చెప్పి పోవడం కాదు; మనిషి ఉన్నట్టుండి లేకుండాపోతే మిగిలే వెలితి కావాలి. నిర్మాత సకగుచి అంతకు ముందే తల్లిని పోగొట్టుకున్నారు; ప్రాణం ఎక్కడికి పోతుందన్న ఆలోచన ఆటలో లైఫ్‌స్ట్రీమ్ అనే ప్రాణశక్తి ప్రవాహం అయింది.

జనం ఊరుకున్నారా! ఆమెను లేపే రహస్యం ఉందని ఏళ్ల తరబడి పుకార్లు. చర్చిలో ఆమె రూపం క్షణకాలం మెరిసి మాయమయ్యే చోటు ఒకటి ఆటలోనే ఉంది మరి. ఆశ పెట్టింది వాళ్లే.

2015లో రీమేక్ ప్రకటించారు. 2020లో వచ్చిన మొదటి భాగంలో, విధి తప్పకుండా కాపలా కాసే నీడల్ని పెట్టి, చివర్లో నాయకుల చేతే ఓడించారు. దాంతో ఆమె బతకవచ్చన్న వాదానికి ఊపిరొచ్చింది. విధినే ఓడించాక పాత చావే మళ్లీ చూపిస్తే ఆ గెలుపెందుకని వాళ్ల ప్రశ్న. అడగాల్సిందే. కానీ ఆ చావు బరువంతా, దాన్ని తప్పించడానికి మన చేతిలో ఏమీ లేకపోవడంలోనే ఉంది. తప్పించే వీలుంటే అది ఇంకో బాస్ ఫైట్, అంతే.

2024 ఫిబ్రవరిలో వచ్చిన రెండో భాగం 'రీబర్త్' రెండు పక్షాలకూ తలా కాస్త పంచింది. క్లౌడ్ సెఫిరాత్ కత్తిని అడ్డుకున్నట్టే కనిపిస్తుంది, మరుక్షణం రక్తం. చివరికి మిగతావాళ్లు కుమిలిపోతుంటే, క్లౌడ్ ఒక్కడే ఆమెతో మాట్లాడుతుంటాడు.

మూడు భాగాలూ కలిసి 2005 నాటి 'అడ్వెంట్ చిల్డ్రన్' సినిమాకు దారితీస్తాయని కిటాసే అన్నారు. ఆ సినిమాలో ఏరిత్ చనిపోయే ఉంది.